ఎక్కువ పోస్తే తిట్టే సువార్తమ్మ

సిగ్గుండాలర్రా మీకు! పొద్దున్నుంచీ ఫోను ముందు పెట్టుకుని ఈస్టరుకని ఏదో కలుపుతున్నారు. కార్న్‌ఫ్లేక్సట, ఉప్పు బిస్కెట్లట, పల్లీలట, వాటి మీద తెల్ల చాక్లెట్ కరిగించి పొయ్యడమట. పొయ్యి అక్కర్లేదు, ఓవెన్ అక్కర్లేదు అని ఆ ఫోనులో పిల్ల చెబుతుంటే ఇదేదో కొత్త వింతలాగా నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. పొయ్యి ముట్టించకుండా తీపీ ఉప్పూ కలిపి రెండొందల పొట్లాలు కట్టిన మనిషి మన చర్చిలోనే ఉండేది. ఆ మేకుకి వేలాడే పాత దిండు గలీబు ఎవరిదని మీలో ఒక్కరైనా అడిగారా? అడగరు. మసిగుడ్డ అనుకుని దాంతో బల్ల తుడిచాడు ఒక మహానుభావుడు! కెజియా, ఆ ఫోను పక్కన పెట్టి కాగితం తీసుకో. మీ నాయనమ్మకి రాయడం రాకపోవచ్చు, చెప్పడం వచ్చు.

సువార్తమ్మకి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరైనా ఎక్కువ ఇస్తే తిట్టేది. తక్కువిస్తే తిట్టేవాళ్లు లోకం నిండా ఉన్నారు, అందులో వింతేముంది? ఈవిడ ఎక్కువిస్తే తిట్టేది. గొణగడం కాదమ్మా, రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డవాళ్లకి కూడా వినపడేలా తిట్టేది. పేరు చూస్తే సువార్త. నోరు తెరిస్తే మంచి మాట అనేది మచ్చుకి కూడా ఉండేది కాదు.

మెదక్ వైపు మనిషి. ఆఫీసు టవర్లో టీ కప్పులు కడిగే పని. వయసు ఎవరడిగినా యాభై అయిదు. నేను బాపట్ల నుంచి ఈ ఊరొచ్చిన రోజు యాభై అయిదు, నా మోకాళ్లు అరిగిపోయిన రోజూ యాభై అయిదే. "అదేంటి వదినా, నీ వయసు పెరగదా?" అంటే, "పెరిగితే పన్లకెల్లి తీసేస్తరు, ఎందుకు పెరగాలె?" అనేది.

మన చర్చికి సొంత గుడి లేదని మీకు తెలుసు. కిరాయి హాలు. ఆ ఇంటాయన పెట్టిన షరతు ఒక్కటే: పాడుకోండి, ప్రార్థన చేసుకోండి, పొయ్యి మాత్రం వెలిగించొద్దు. ఈస్టరు తెల్లవారుజామున ఆరాధన అయ్యాక ఇంత ఉప్మా పెట్టడానికి కూడా లేదు. అప్పుడు ఈవిడ తీసింది డబ్బా. ఇరవై లీటర్ల పెయింటు డబ్బా. మా ఊళ్లల్లో వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా దేవుడికని గుప్పెడు తీసి వేరే కుండలో వేసేవాళ్లం. ఇక్కడ బియ్యం బదులు ఇంటికో గుప్పెడు చిరుతిండి. జంతికలు తెచ్చేవాళ్లు జంతికలు, బిస్కెట్లు తెచ్చేవాళ్లు బిస్కెట్లు. అన్నీ ఒకే డబ్బాలో పడాలి. బెల్లం తురుమూ, ఉప్పూ, రెండు చెంచాల నెయ్యీ వేసి మూత బిగించి, హాలు ఈ గోడ నుంచి ఆ గోడకి పిల్లల చేత దొర్లించేది. అదే కలపడం. కారప్పూసకి చాక్లెట్ గోళీ అంటుకుని వచ్చేది. తిడుతూ తినేవాళ్లం గానీ, తినకుండా వదిలేవాళ్లం కాదు.

అయితే ఆ డబ్బా మూతికి దిండు గలీబు కట్టేది. రెండో కొస కత్తిరించేసిన గలీబు. చొక్కా చేతిలో చెయ్యి దూర్చినట్టు మోచేతి దాకా దూర్చి, లోపల గుప్పిట విప్పాలి. ఎవరేం వేశారో పక్కవాళ్లకి కనపడదు, పోయించుకునే మహాతల్లికీ కనపడదు.

మొదటి ఏడాది నేను జీడిపప్పు తీసుకెళ్లాను. నేతిలో వేయించి, మూత తియ్యకుండానే కనపడేలా గాజు డబ్బాలో పెట్టి పట్టుకెళ్లాను. కనపడాలనే పట్టుకెళ్లాను, అందులో దాపరికమేముంది?

"డబ్బ పక్కకు పెట్టు వదినే. గుప్పిట్ల పట్టుకో. పెట్టు. విడువు. తియ్యి. నడువు."

"ఇవి జీడిపప్పు వదినా."

"అయితే?"

"నేతిలో వేయించాను."

"దేవుడు గుడ్డోడు గాదు, సూస్తడు. నీ ఎనక మంది నిలబడ్డరు. నడువు!"

నా వెనక ఉన్నది కిష్టయ్య. ఆ బిల్డింగు వాచ్‌మన్. "నేను మీ చర్చోణ్ణి గాదు గదమ్మా" అని అతను వెనక్కి తగ్గుతుంటే, "డబ్బకు తెల్సా నువ్వు ఏ చర్చోనివో? పెట్టు" అని రెక్క పట్టుకుని లాగింది. పెట్టాడు. విడిచాడు. తీశాడు. నా కళ్లకి పొర ఉంది గానీ నావి పాము చెవులు. నా జీడిపప్పు టపటపా రాలింది. అతని చేతిలోంచి ఆవగింజ రాలిన చప్పుడు లేదు. నేను నోరు తెరిచేలోపే ఈవిడ లంకించుకుంది.

"ఓ కిష్టన్నా! ఏందిది, బస్తా తెచ్చి గుమ్మరిస్తున్నవా? నా డబ్బ పలుగదా? గుప్పెడంటే గుప్పెడే! మల్ల గిట్ల జేస్తే చెయ్యి ఇరగ్గొడ్త!"

వరసంతా నవ్వింది. కిష్టయ్య మీసం దువ్వుకుంటూ వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాడు, పెళ్లికొడుకులాగా. నాకు ఒళ్లు మండిపోయింది. చప్పుడు లేని చేతికి ఎక్కువని తిట్లా? నా నేతి జీడిపప్పుకి నడువా?

మరుసటి ఏడాది రెండు గుప్పెళ్లు పట్టుకెళ్లాను. ఒక్క తిట్టు పడితే ఒట్టు! నా ముందు నిలబడ్డ హౌస్‌కీపింగ్ పిల్ల శ్రీలతని మాత్రం, "ఏం పిల్లా, ఊరందర్కి పెండ్లి భోజనం పెడ్తున్నవా?" అని చెడామడా దులిపేసింది. మూడో ఏడాది బాదం కూడా కలిపి, పిడికిలి పట్టనంత పట్టుకుని దూర్చాను. గలీబులో చెయ్యి ఇరుక్కుపోయింది. ఇప్పుడైనా అంటుందా అని చూస్తే, "జర గుంజు వదినే, లైను ఆగింది" అంది. అంతే.

అడిగేశాను. నాకు మొహమాటం లేదు.

"నన్నెందుకు తిట్టవు వదినా?"

"నిన్నేమని తిట్టాలె?"

"ఎక్కువ పోశానని!"

"పోసినవా? నేను సూడలే."

చూశారా పొగరు? నాలుగో ఏడాదీ అంతే, అయిదో ఏడాదీ అంతే.

ఆ అయిదో ఏడాదే కుక్క బిస్కెట్ల గొడవ జరిగింది. ఆఫీసుకి పరిగెత్తే దీవెన హడావిడిలో ఇంట్లో ఏ డబ్బాలో చెయ్యి పెట్టిందో ఏమో, ఈస్టరు రోజు మన పాస్టరు అయ్యగారు పొట్లం విప్పి, ఎముక ఆకారంలో ఉన్నదొకటి నోట్లో వేసుకుని, "కొంచెం గట్టిగా ఉంది గానీ బాగుందమ్మా" అన్నారు. దీవెన అది చూసి, "అయ్యగారూ, అది మా టామీదండీ!" అని కెవ్వుమంది. నేను లేచి నిలబడ్డాను. "ఇందుకే చూసి పోయించమన్నాను!" అన్నాను. సువార్తమ్మ కదిలితేనా? "ఏమైందిప్పుడు? అయ్యగారు మొరిగిండా? లేదు గద!"

ఆ కోపంలో కమిటీకి సలహా ఇచ్చింది నేనే, నేనెందుకు దాచాలి? డబ్బా వద్దు, ఇంటికో గాజు సీసా పెట్టండి, దాని మీద పేరు అంటించండి, మెడ దాకా నింపుతారు, ఎవరేం ఇచ్చారో బల్ల మీద వరసగా కనపడుతుంది అన్నాను. సెక్రటరీ జాన్సన్‌కి ఈ మాట తెగ నచ్చింది. "అమ్మగారూ, సూపర్ అండీ, ట్రాన్స్‌పరెన్సీ ఉంటుంది" అన్నాడు. ఫోనులోనే నలభై సీసాలు తెప్పించాడు. సువార్తమ్మ వాటిని చూసి ఒక్క మాట అనలేదు. ఆవిడ మాట్లాడనప్పుడే భయపడాలని మాకప్పుడు తెలియదు.

మరుసటి సంక్రాంతి వెళ్లగానే మా స్టీఫెన్ ఉద్యోగం పోయింది. కెజియా, తల దించుకోకు, రాయి. మీ నాన్న తప్పేం లేదు, ఒక్కరోజే మూడొందల మందిని తీసేశారు. ఇంట్లో బియ్యం పప్పూ ఉన్నాయి, దేవుడి దయ. చిరుతిండి డబ్బాలు మాత్రం ఖాళీ. మీ అమ్మ నవనీత సరుకుల చీటీ రాసి, మళ్లీ తనే ఒక్కొక్కటీ కొట్టేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. దాని మొహం చూసి కాస్త జీడిపప్పు కొనమని ఎలా అడగను? అయిదేళ్లు జీడిపప్పు మోసిన చేత్తో మరమరాలు ఎలా మోయను? నా పొగరు నాకూ ఉంది. ఆ పైన సీసా! మెడ దాకా నింపాల్సిన సీసా. ఆలోచన నాదని జాన్సన్ నా పేరు అన్నిటికంటే ముందు, పెద్దక్షరాలతో అంటించాడు. అక్షరాలు రాని నాకు కూడా వాకిట్లోంచే కనపడేది.

ఈస్టరు ముందు శనివారం, అందరికంటే ముందు వెళ్లి నా సీసా చీర చెంగులో దాచేద్దామనుకున్నాను. వినండి, దొంగతనానికే వెళ్లాను. వెళ్లేసరికి హాల్లో నేలంతా నీళ్లు. నలభై సీసాలూ కడిగి గుడ్డ మీద బోర్లించి ఉన్నాయి. పేర్ల కాగితాలన్నీ నాని చీపురు దగ్గర ముద్దగా పడున్నాయి. సువార్తమ్మ కొంగు దోపుకుని ఇంకా తోముతూనే ఉంది. నా వెనకే జాన్సన్ వచ్చాడు.

"ఎవరు కడగమన్నారండీ ఇప్పుడు?"

"కడగొద్దా? మురికి సీసాలల్ల దేవునికిస్తవా?"

"అవి కొత్తవి!"

"కొత్తవాటికి దుమ్ముండదా బిడ్డా?"

"ఎప్పటికి ఆరతాయండీ ఇవి?"

"మంగళారం దాక ఆరయి. తడి సీసాల పోస్తే మురుకులు మెత్తగైతయి. ఇగ డబ్బనే దిక్కు." అంటూ తలుపు చాటు నుంచి డబ్బా తీసింది. గలీబు అప్పటికే కట్టి ఉంది!

జనం రావడం మొదలైంది. వెనక్కి పోదామంటే వాకిట్లో కిష్టయ్య, మెట్ల మీద దీవెన. ముందు నిలబడ్డది నేను. ఖాళీ పిడికిలి, పైన చెంగు కప్పి.

"రా వదినే. పెట్టు."

పెట్టాను. నేనే మొదటిదాన్ని కదా, చెయ్యి అడుగుకి తగలాలి కదా? మణికట్టు దాకా మునిగిపోయింది! మరమరాలు, పల్లీలు, పుట్నాలు, బెల్లం ముక్కలు. సగం డబ్బా అప్పటికే నిండుంది. ఎవరు నింపారు? చుట్టాలొచ్చి నింపిపోయారా? ప్రతి ఏడాదీ ఎవరికీ చెప్పకుండా నింపి తెచ్చేదన్నమాట. ఖాళీ చెయ్యి తగిలినా డబ్బా డొల్లగా మోగకుండా.

"విడువు" అంది మెల్లిగా. ఏం విడవను? వేళ్లు విప్పాను. చప్పుడు లేదు. "తియ్యి" అంది. తీశాను. "నడువు" అంటుందని చూస్తున్నాను.

"ఓ ఎలిజబెతమ్మా! ఏందే ఇది? దుకాణం మొత్తం గుమ్మరిస్తవా? నీ ఒక్కదానికేనా దేవుడు? ఎనకొచ్చేటోళ్లకు జాగ ఉంచవా? గింత ఆశ పనికి రాదు నీకు!"

హాలంతా మోగిపోయింది. జాన్సన్ నవ్వి, "అమ్మగారి చెయ్యి ఎప్పుడూ పెద్దదేనండీ" అన్నాడు. కిష్టయ్య నా పక్కకి వచ్చి, మీసం మీద చెయ్యేసి, "మీకు గూడ పడ్డయా అమ్మా?" అన్నాడు, మా ఇద్దరికీ ఏదో చుట్టరికం కలిసినట్టు.

నేను ఏడ్చాననుకుంటున్నారా? నాకు కోపం వచ్చింది. అయిదేళ్ల జీడిపప్పు! అందరూ వెళ్లాక గట్టిగా నిలదీశాను.

"నన్నెందుకు తిట్టావు వదినా అందరి ముందూ?"

"అయిదేండ్ల సంది తిట్టు తిట్టు అని నువ్వే అడుగుతున్నవ్ గద. తిట్టిన."

"నా చేతిలో ఏముందో నీకు తెలుసు!"

"నేను సూడలే."

చూడలేదట! ఆ ఆఫీసు టవర్లోనే మా స్టీఫెన్ తాగిన టీ కప్పు రోజూ కడిగిన మనిషి. ఆ కప్పు ఏ రోజు నుంచి రావడం ఆగిపోయిందో ఆవిడకి కాక ఎవరికి తెలుసు?

ఆ ఎండాకాలం మీ నాన్నకి గచ్చిబౌలిలో వేరే ఉద్యోగం దొరికింది. మరుసటి ఏడాది కిలో జీడిపప్పుతో వెళ్లాను. ఒక్క తిట్టు లేదు. "నడువు" అంది. అప్పుడూ కోపమే వచ్చింది నాకు.

పోయిన ఏడాది ఈస్టరు దగ్గరికొచ్చాక, మట్టల ఆదివారానికి ముందు వారం సువార్తమ్మ పోయింది. గదిలో మంచం కింద మరమరాల సంచీ, పల్లీలు, అరడజను బెల్లం అచ్చులు ఉన్నాయి. ఆ ఈస్టరుకి అవే పొట్లాలు కట్టాం. తిట్టే మనిషి లేక అందరూ గుప్పెడే పోశారు, బుద్ధిమంతుల్లాగా.

ఇప్పుడు లేవండి. మీ తెల్ల చాక్లెట్ పోసుకోండి, నేనొద్దనను. ముందు ఆ గలీబు ఉతికి డబ్బాకి కట్టండి. ఎవరూ రాకముందే సగం మీరే నింపండి. ఎవరి చెయ్యి చప్పుడు లేకుండా బయటికొస్తుందో వాళ్లని గట్టిగా తిట్టండి. మీకు తిట్టడం చేతకాకపోతే నన్ను పిలవండి.

ఇంకేం రాయాలంటావా? వయసు రాయి. సమాధుల తోటలో రాయించడానికి అయ్యగారు ఆవిడ ఆధార్ కార్డు తీసి చదివారు. యాభై అయిదు కాదు. పోయేనాటికి సువార్తమ్మకి డెబ్భై మూడేళ్లు.