అరువు నిక్కరుతో గౌరవ వందనం

పరువు అందరిదీ పోతుంది. నాది మాత్రం బ్యాండు మేళంతో, బడి మొత్తం లేచి నిలబడి చూస్తుండగా పోయింది. ఎలాగో చెబుతాను, నవ్వనని మాటివ్వక్కర్లేదు. ఎలాగూ నిలబెట్టుకోలేరు.

తొంభైల చివర. మదీనాగూడలో ఎనిమిదో తరగతి వెలగబెడుతున్నాను. వార్షికోత్సవానికి వచ్చే ముఖ్య అతిథికి గేటు దగ్గర సెల్యూట్ చేసి వేదిక దాకా తీసుకెళ్లే స్కౌటును నేనే.

"సవ్యంగా చేశావా, వేసవి క్యాంపుకి నువ్వేనోయ్. తేడా వచ్చిందా, కిరణ్ వెళ్తాడు," అన్నారు స్కౌట్ మాస్టారు సూర్యంగారు.

కిరణ్ నా జన్మశత్రువు. వాడు గుడారంలో పడుకుంటే నేను ఇంట్లో ఫ్యాను కింద పడుకోవడమా!

చిక్కల్లా నా ఖాకీ నిక్కరు పొట్టిదైపోవడం. అమ్మ మూసాపేట వెళ్లి పెద్దమ్మ కొడుకువి నిక్కరూ చొక్కా తెచ్చింది. అన్నయ్యది గంగాళం లాంటి నడుము. ఆ నిక్కరులో నాతోపాటు మరో ఇద్దరు స్కౌట్లు కాపురం పెట్టొచ్చు. అమ్మ గంజి పెట్టి ఇస్త్రీ చేసేసరికి అది నేను లేకుండానే అటెన్షన్‌లో నిలబడింది.

"బెల్టు బిగిచ్చుకోరా, నాయనా," అంది మా కడప అమ్మ.

"స్కౌటుకు చెప్తున్నావా అమ్మా?"

అరువు సొమ్ము బరువు చేటన్నారు పెద్దలు. అరువు నిక్కరు పరువు చేటని ఒక్కరూ చెప్పి చావలేదు.

వార్షికోత్సవం రోజు బడి బ్యాండు మోగుతుండగా ముఖ్య అతిథి జీపు ఆగింది. ఊరిపెద్ద యాదయ్య పటేలు తెల్లటి ధోతీలో దిగాడు. నేను ధనధనా మూడడుగులు వేశాను. మూడో అడుగుకు బెల్టు కొక్కెం ఊడి చేమంతి కుండీలో పడింది. నిక్కరు కిందికి ప్రయాణం కట్టింది. కుడిచేత్తో గబుక్కున పట్టుకున్నాను. ఇక సెల్యూట్‌కు చెయ్యేదీ? మిగిలిన ఎడమచెయ్యి చాచాను.

పటేలు మీసం లేచింది. "ఏందిర పిలగా, పెద్దోళ్లకు ఎడమచెయ్యి ఇస్తవా?"

ఆడలేనివాడు మద్దెలోడన్నాడు. నేను స్కౌటు ధర్మం అన్నాను. "స్కౌట్లు ఎడమచెయ్యే కలుపుతారండి. అది గుండెకు దగ్గర!"

అబద్ధం కాదు సుమా. కాకపోతే స్కౌట్లు తమలో తాము కలుపుకుంటారు, ఊరిపెద్దలతో కాదు.

"గుండెకు దగ్గరనా? మంచిగుందిర గిది!" అంటూ పటేలు నా ఎడమచెయ్యి ఊపేశాడు. గండం గడిచిందనుకున్నాను. పిచ్చిముండావాణ్ణి.

వేదికెక్కిన పటేలు బహుమతులన్నీ ఎడమచేత్తోనే ఇవ్వడం మొదలుపెట్టాడు. మొదటి పిల్ల చేతులు వెనక్కి దాచుకుంది. రెండోవాడి నాయనమ్మ ముందు వరుసలోంచి లేచింది.

"ఎడమచేత్తో ఇస్తే తీసుకోకురా! మనమేమన్నా ముష్టికొచ్చినామా?"

"అమ్మా, పరేషాన్ గాకు! గిది స్కౌట్ పద్ధతి. గా పిలగాడే చెప్పిండు!"

పటేలు వేలు, దానివెంట బడి మొత్తం చూపు వేదిక పక్కన కుడిచేత్తో నిక్కరు పట్టుకుని నిలబడ్డ నా మీదికి తిరిగాయి.

సూర్యం మాస్టారు పళ్లు కొరుకుతూ వచ్చారు. "ఏరా, వారికి సెల్యూట్ చెయ్యలేదా?"

"చేశాను... లోపల్లోపల."

"ఇప్పుడు చెయ్యి, అందరికీ కనిపించేలా. లేదంటే క్యాంపు సంగతి మర్చిపో."

పక్కన కిరణ్ అప్పుడే సంచీ సర్దుకుంటున్నవాడిలా నవ్వాడు. ఒకవైపు నిక్కరు, మరోవైపు క్యాంపు. నేను వీరుణ్ణి. క్యాంపునే ఎంచుకున్నాను.

కుడిచెయ్యి ఠపీమని నుదుటికి చేరింది. నిక్కరు అంతకంటే క్రమశిక్షణగా పాదాలకు చేరింది. అన్నయ్య చొక్కా మోకాళ్ల దాకా ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ రోజే సన్యాసం పుచ్చుకునేవాణ్ణి.

పటేలు నా పాదాల వైపు, తర్వాత తన ధోతీ వైపు చూసుకుని, ముడి గట్టిగా పట్టుకుని అడిగాడు.

"బిడ్డా, గిది గూడ స్కౌట్ పద్ధతేనా? నేను గూడ చెయ్యాల్నా?"

క్యాంపుకు కిరణే వెళ్లాడు. నేను ఫ్యాను కింద పడుకుని ఘోరప్రతిజ్ఞ చేశాను: ఇకపై ఎంతటి మహానుభావుడు ఎదురైనా సరే, ముందు నడుముకు నాడా, ఆ తర్వాతే మర్యాద.