సందులో వెలుతురు

శుక్రవారం పొద్దున నేను వర్క్‌షాపు తలుపు తీస్తుంటే మా సారు కొడుకు వచ్చి గడప బయటే నిలబడ్డాడు. "నాయన పోయినాడన్నా" అన్నాడు.

కడపలో మెకానికల్ చదివే పిల్లలకు పనిముట్లు పట్టడం నేర్పింది ఆ సారే. నాకూ ఆయనే నేర్పారు. తర్వాత ఆయన పక్కనే నాకు ఉద్యోగం దొరికింది.

మీలో ఆయన దగ్గర ఆకురాయి పట్టినవాళ్లుంటే మొదటి పరీక్ష గుర్తుండే ఉంటుంది. రెండు ఇనుప ముక్కలు ఒకదానిలో ఒకటి ఇమిడేలా రుద్దాలి. జోడించిన ముక్కల అతుకు మీద ఆయన బొటనవేలు నడిపించి, కిటికీ వైపు ఎత్తి పట్టేవారు. సందులో వెలుతురు కనిపిస్తే తిరిగి మన చేతిలో పెట్టేవారు. "బాగుండాదప్పా, ఎలకలు దూరేదానికి" అనేవారు.

ఈమధ్య అంగుళాలు పోయి మిల్లీమీటర్లు వస్తున్నాయి. దేశమంతటికీ ఒకే ప్రమాణాలని కొత్త కొలత గేజీలు వచ్చాయి. అంగుళాలతో తల నెరిసిన మనిషి, విసుక్కుంటారనుకున్నాము. ఆయన పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నారు. "పత్తికొండలో చేసిన బోల్టు కడపలో చేసిన నట్టుకు ఎక్కాల. చేసినోళ్లు ఒకరి మొగం ఒకరు సూడకపోయినా ఎక్కాల. దానికేరా ఇదంతా" అని వాళ్లకు చెప్పారు.

నిరుడు ఆయన కళ్లకు పొర కమ్మింది. అప్పటినుంచి ముక్కలు ఎత్తి పట్టేది ఆయన, చూసి చెప్పేది నేను. మా దగ్గరే చదివే కొడుకు ఆఖరి పరీక్ష పని కూడా అట్లాగే నా ముందుకు వచ్చింది. వెంట్రుక మందాన వెలుతురు ఉంది. ఉందని చెప్పాను.

"ఐతే తప్పినాడు" అన్నారు సారు.

"కండ్లకు కనపడకుండానే కొట్టేస్తివే నాయినా" అన్నాడు కొడుకు.

"బాయిలర్లో ఆవిరి సందు సూస్తాది గానీ ఎవురి కొడుకని సూడదురా."

ఆ తర్వాత ఇద్దరికీ మాటలు తగ్గాయి. సారు మంచాన పడ్డారు. సాయంత్రాలు చూడటానికి వెళ్లేవాణ్ణి. పెరట్లో కొడుకు మళ్లీ ఇనుము రుద్దే చప్పుడు వింటూ, "కుడిచెయ్యి శానా నొక్కుతాండాడు, చెప్పప్పా" అని నాతో అనేవారు. నేను వెళ్లి చెప్పేవాణ్ణి. చప్పుడు మారేది. సారు కళ్లు మూసుకునేవారు.

గురువారం సాయంత్రానికి ఆ పని పూర్తయింది. పొద్దున నాయనకు చూపిద్దామని గుడ్డలో చుట్టిపెట్టుకున్నాడట. తెల్లవారేసరికి ఆయన లేరు.

ఖబరస్తాన్‌లో సారును దించి, పైన నాపబండలు పరిచారు. బండకూ బండకూ మధ్య సందులు మిగిలాయి. పైనుంచి చూసేవాళ్లకు వాటిలో చీకటే కనిపిస్తుంది. వెలుతురు కనిపించేది లోపలున్న మనిషికి. గుంత పూడ్చేముందు కొడుకు మోకాళ్ల మీద కూర్చుని ఆ సందుల్లో తడిమన్ను మెత్తుతూ, ప్రతి అతుకు మీదా వాళ్ల నాయన మాదిరే బొటనవేలు నడిపించాడు.

చివరకు తల ఎత్తాడు. "సూడన్నా, యాడన్నా సందు ఉండాదా?"

వంగి చూశాను. తల వైపు ఒకచోట ఉంది. ఉందని చెప్పాను.

అతను ఇంకో పిడికెడు మన్ను తీసుకున్నాడు.