వదిన దద్దుర్లు, నా ఉండలు

ఈ ఉదయం మా వదిన కళ్లజోడు కనబడడం లేదంటూ తన చేతిసంచీ తెచ్చి నా ఒళ్లో కుమ్మరించింది. లేసు సూది పడింది, తెల్లదారం ఉండ పడింది, పాటల పుస్తకం పడింది, నాలుగు ఏలక్కాయలు పడ్డాయి. కళ్లజోడు మాత్రం ఆవిడ నెత్తిమీదే ఉంది. అన్నిటికీ అడుగున, ప్లాస్టిక్ తొడుగులో, మూలలు మెత్తబడిన అట్టముక్క ఒకటి. ఆవిడకి ఏ మందులు పడవో దాని మీద రాసి ఉంది. దస్తూరీ నాది. మూడేళ్ల కిందట నరసాపురంలో ఒక ఆసుపత్రి వరండాలో మోకాలి మీద పెట్టుకుని రాశాను. అక్షరాలు వణికాయి. బల్ల లేకపోవడం వల్ల వణికాయని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను.

ఆ రోజు కథ కూడా చాలామందికి చెప్పాను. నా కథలో మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పంటు గోదావరి మధ్యలో ఆగిపోతుంది, నేను పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దూకి, ఒడ్డుకి ఈది, మరో పడవ తెచ్చి వదిన ప్రాణం కాపాడతాను. విన్నవాళ్లు నోళ్లు తెరుచుకునేవారు. పంటు ఆగలేదండి. నాకు ఈత రాదు. ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది ఎవరన్నది నా కథలో ఎక్కడా ఉండేది కాదు.

మా అన్నయ్య పోయినప్పటినుంచి వదిన మా పక్క వాటాలోనే ఉంటోంది. నాకంటే ఆరేళ్లు పెద్ద. పన్నెండో ఏటినుంచి లేసు అల్లుతోంది. అరుగు మీద కాళ్లు ముడుచుకు కూర్చుని అల్లీ అల్లీ ఆవిడ మోకాళ్లు పట్టేశాయి. నేను బడిపంతులుగా రిటైరై, చేతికి పని లేక, వైద్యంలో వేలు పెట్టాను. శొంఠి, మిరియాలు, బెల్లం దంచి రేగిపండంత ఉండలు కట్టి, మా తాతగారి తాళపత్రాల్లో దొరికిన మందు యోగమని ఇచ్చాను. మా తాతగారికి చదువు రాదు. వదిన ఒకటి చప్పరించి, "ఇది మందా, మిఠాయా? ఇంకో నాలుగివ్వు మరిదీ, టీలోకి నంజుకుంటాను" అంది. లేసు అల్లే ఆడవాళ్లందరూ పకపకా నవ్వారు. నలభై ఏళ్లు పిల్లల్ని బెంచీ ఎక్కించినవాణ్ణి, ఆ నవ్వు నాకు అరగలేదు. మర్నాడు మందుల షాపుకెళ్లి నొప్పి మాత్రలు కొని, మెత్తగా నూరి, బెల్లంపాకంలో కలిపేశాను. ఈసారి వదిన గంటలో లేచి చకచకా నడిచింది. "మా మరిది చేతిలో మహత్యం ఉందే!" అని వీధంతా చాటింది. నేను కాదనలేదు.

దద్దుర్లు అక్కడికి వారం పది రోజుల్లో మొదలయ్యాయి. ముందు మోచేతి మీద దోమ కుట్టినంత, చూస్తుండగానే అరచేయంత. అంచులు లేచి, ఎర్రగా, గోదావరిలో లంకల్లాగా. లంకల్లాగే ఒకచోట నిలవవు కూడా. పొద్దున మెడ మీదున్నది మధ్యాహ్నానికి మాయమై నడుం మీద తేలుతుంది. దురదకి ఆవిడ లేసు సూదితో వీపు గోక్కునేది. నేను పెద్దరికంగా పైత్యమన్నాను. మా వైపు దద్దుర్లకి గొంగళి కప్పి రుద్దడం అలవాటు. గొంగళి తెప్పించి, ఎండలో కూర్చోబెట్టి కప్పించాను. చెమటకీ ఉన్నికీ అవి రెట్టింపయ్యాయి. "మరిదీ, నన్ను చంపదలుచుకుంటే తిన్నగా గోదాట్లోకి తొయ్యవయ్యా" అంది.

వీధి చివరి డాక్టరుగారు దురద తగ్గే మాత్ర రోజూ వేసుకోమని, ఏం తిన్నరోజు వస్తున్నాయో, ఏ మందు వాడుతున్నారో పుస్తకంలో రాసుకోమని చెప్పారు. రాసే పని నేనే మీదేసుకున్నాను. గీతలు కొట్టి, గళ్లు కట్టి, తేదీలు వేసి, ఇన్‌స్పెక్షన్‌కి పెట్టినంత అందంగా రాశాను. ఇడ్లీ. వంకాయ కూర. రొయ్యల ఇగురు. దద్దుర్లు. రొయ్యలు మాన్పించాను. వంకాయ, గోంగూర, ఆఖరికి చీరకి గంజి కూడా మాన్పించాను. రోజూ మాత్ర వేసుకుంటున్నా దద్దుర్లు మాత్రం చర్చికెళ్లే ఆదివారాలూ, లేసు అప్పజెప్పే రోజుల్లోనూ తప్పకుండా వచ్చేవి. ఆ రోజుల్లో ఆవిడ నడవాలి. నడవాలంటే నా ఉండ వేసుకోవాలి. మందుల గడిలో నేను ఒక్కరోజూ ఉండ పేరు రాయలేదు. ఇంటి మందు మందెలా అవుతుంది అని వదిన అనుకుంది. నేను ఏమనుకున్నానో ఈ మూడేళ్లూ తలుచుకుంటూనే ఉన్నాను. అనుమానం రాలేదని చెప్పలేను. వచ్చినదాన్ని కూర్చోమనలేదు, అంతే.

ఆ శనివారం అవతలి ఒడ్డున చుట్టాలింట్లో కొత్తింటి ప్రార్థన. పాస్టరుగారి ప్రార్థన పొడుగు, కింద చాప, వదిన మోకాళ్లు బిగుసుకుపోయాయి. భోజనాలయ్యాక రేవు దగ్గర, "రెండుండలు పారెయ్ మరిదీ, ఒకటి చాలదివాళ" అంది. జేబులో ఉండల రేకు డబ్బీ ఎప్పుడూ ఉంటుంది. ఇచ్చాను. పంటు వచ్చేదాకా అరగంట కబుర్లు చెప్పుకున్నాం.

పంటు కదిలింది. మోటారుసైకిళ్లు, ఒక కారు, కొబ్బరి బొండాల ఆటో, మధ్యలో మేము. ఒడ్డు కాస్త దూరమయ్యాక వదిన అరచేతులు పరపరా రుద్దుకుంది. తర్వాత మెడ. తర్వాత మాట్లాడడం మానేసింది. వదిన మాట్లాడకపోవడం నేను అంతకుముందు ఎరగను. తల తిప్పి చూస్తే పై పెదవి తేనెటీగ కుట్టినట్టు పొంగి ఉంది. చూస్తుండగానే కింది పెదవి కూడా. "గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుందయ్యా" అంది. ఆ మాట ఆవిడ గొంతులా లేదు.

గోదావరి ఎంత వెడల్పో నాకు ఆరోజు తెలిసింది. పంటు నడిపే అతన్ని "తొందరగా బాబూ!" అని అరిచాను. "ఇంతకన్నా పోదండీ మాస్టారూ, ఎదురుపోటు" అన్నాడు. ఎవరో నీళ్లు తాగించబోతే వదిన చెయ్యడ్డం పెట్టింది, మింగలేకపోతోంది. పెదవి కదిలించి ప్రార్థన చేసుకుంటోంది. నా చెయ్యి జేబులో డబ్బీ మీద ఉంది. అప్పుడు నాకు నేను రాయని గడులన్నీ వరసగా కనబడ్డాయి. ఆదివారం, ఉండ, దద్దుర్లు. లేసు రోజు, ఉండ, దద్దుర్లు. ఇప్పుడు రెండుండలు.

నేను చేసింది ఇదీ. పంటు అంచుకి జరిగి, ఎవరూ చూడకుండా డబ్బీని గోదావరిలో వదిలేశాను.

ఒడ్డున బొండాల ఆటోవాడే మమ్మల్ని ఎక్కించుకుని ఆసుపత్రికి తెచ్చాడు. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా బళ్లో చదివిన పిల్లలంత. చూస్తూనే తొడకి సూదిమందిచ్చి, ముక్కుకి ఆక్సిజన్ పెట్టింది. తర్వాత నావైపు తిరిగి, "ఏం తిన్నారండీ? మందులేమైనా వాడారా?" అంది.

"భోజనమేనండి. మందులేం లేవు. దురద మాత్ర ఒక్కటే" అన్నాను. గొంతు తొణకలేదు. నలభై ఏళ్లు పాఠం చెప్పిన గొంతు.

కాసేపటికి వదిన ఊపిరి దారిన పడింది. కుదుటపడ్డట్టే ఉంది. కాళ్లు చాపబోయి మోకాలు పట్టుకుని మూలిగింది. డాక్టరమ్మ నన్ను ఇంకోసారి అడిగింది. "నొప్పి మాత్రలు అలవాటు లేదు కదండీ? ఎప్పుడైనా అవి పడకపోవడం అదీ లేదు కదా?" "లేదండి" అన్నాను. ఆవిడ నర్సుతో, "మోకాలికి చిన్న నొప్పి ఇంజక్షన్ ఇచ్చేయమ్మా" అని పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

నర్సు మందు సీసా మెడ టక్కున విరిచింది. సిరంజిలోకి మందు లాగింది. గాలి బుడగ పోయేదాకా వేలితో కొట్టింది. వదిన చెయ్యి పట్టుకుని దూదితో తుడిచింది. ఇంతసేపూ నేను గోడకానుకుని నిలబడే ఉన్నాను. నా కథలోనైతే ఈ చోట నేను పులిలా దూకేవాణ్ణి. నిజానికి కాళ్లు కదల్లేదు. "వద్దమ్మా" అన్నాను. వినబడలేదు. సూది చర్మానికి తగులుతుండగా "వద్దు!" అని అరిచాను. వార్డంతా తిరిగి చూసింది.

అందరి ముందూ చెప్పాను. మాత్రలు, నూరడం, బెల్లం, తాతగారు, డబ్బీ, గోదావరి. డాక్టరమ్మ ముఖం గట్టిపడింది. "మాస్టారూ, ఈ ఇంజక్షన్ పడి ఉంటే ఈసారి వెనక్కి తేగలిగేవాళ్లమో లేదో" అంది. ఇంకేం తిట్టలేదు, తిట్టినా బాగుండేది. తర్వాత మెల్లగా అన్నీ చెప్పింది. చాలాసార్లు దద్దుర్లకి కారణం దొరకదట, వాటంతటవే పోతాయట. ఈవిడ విషయంలో మాత్రం అనుమానమంతా నొప్పి మాత్రల మీదేనట, ఆ జాతి మందులేవీ డాక్టరు చెప్పందే ముట్టకూడదట. దురదకి చల్లటి తడిబట్ట, వదులు నూలుబట్ట. గొంగళీ వేడినీళ్లూ పనికిరావట. పెదవో నాలుకో వాచినా, ఊపిరి కష్టమైనా ఇంటి వైద్యం చూసుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలట. నేను అప్పుడే అట్టముక్క అడిగి వరండాలోకి వెళ్లి రాశాను.

లోపలికొచ్చేసరికి వదిన కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. వాచిన పెదవులతో ఒక్కొక్క మాటా కూడబలుక్కుని, "నాలుగు వారాలు... నా చేత... రొయ్యలు మాన్పించావు కదరా!" అంది. పెళ్లై మా ఇంటికొచ్చిన ఇన్నేళ్లలో నన్ను 'రా' అనడం అదే మొదలు. వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆ తర్వాత ఈ మూడేళ్లలో ఆవిడ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నేను ఈతకొట్టిన కథ చెబుతుంటే పక్కనే కూర్చుని, తల వంచుకుని లేసు అల్లుకునేది.

ఈ ఉదయం అట్టముక్క వెనక్కి తిప్పి చూశాను. ఎప్పుడు రాసిందో, వదిన వంకర అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: "ఇది రాసినాయన ప్రేమగా ఏమిచ్చినా నాకు పెట్టవద్దు." నేను చదువుతున్నానని గమనించి, కళ్లజోడు ముక్కుమీదికి దించుకుని, "ఏం మరిదీ, తప్పులేమైనా ఉన్నాయా?" అంది. ఒక్కటీ లేదండి వదినా అన్నాను. దద్దురు ఒక పూటలో అణగిపోతుంది, మచ్చ కూడా మిగలదు. గోడకానుకుని నేను నోరు మూసుకున్న ఆ కాసేపు మాత్రం, మూడేళ్లయినా, గోక్కోవడానికి చెయ్యి అందని చోటే ఉంది.