ఐదో ఆల్బం

నా భార్య పోయిన నెల చనిపోయింది. పొద్దున టీ పెట్టింది, గిన్నె దించకముందే పడిపోయింది. కోరుట్ల నుంచి జగిత్యాల ఆస్పత్రికి తీసుకుపోయాను. దారిలోనే ప్రాణం పోయిందని అక్కడి డాక్టర్ చెప్పాడు. స్టవ్ ఆపి వచ్చామా అని అడగడానికి ఆమె వైపు తిరిగాను.

ఈ పత్రికలో తొమ్మిదేళ్లుగా ప్రతి ఏడాది చివర ‘ఈ ఏటి ఐదు ఆల్బంలు’ అని నా పేరుతో ఒక జాబితా వస్తోంది. దాన్ని చూసి పాటలు వెతుక్కునేవాళ్లు కొందరున్నారని తెలుసు. ఆ జాబితా నాది కాదు. ఎంచేది ఆమె. నేను రాసేవాడిని. మొదటి ఏడాది ఆమె పేరు పెడతానన్నాను.

"నా పేరెందుకు? కాలేజీల సదువు జెప్పెటోనివి, నీదే పెట్టు" అన్నది.

నేను రెండోసారి అడగలేదు.

ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. ఇంటి వెనకే మరమగ్గాల షెడ్డు. అక్కడ వాటిని సాంచాలు అంటారు. అవి నడుస్తుంటే పక్క మనిషి మాట వినబడదు, సైగలతోనే పని. ఆ చప్పుడులోనే వాళ్ల నాన్న టేప్ రికార్డర్ పెట్టేవాడు. ఈమె నూలు కండెలు చుడుతూ వినేది. కొన్ని పాటలు వినబడేవి, కొన్ని వినబడేవి కావు. ఏది మంచి పాటో ఆమె అక్కడే తేల్చుకున్నది.

పెళ్లయి కోరుట్ల వచ్చాక సాంచాలు లేవు. మిక్సీ ఉంది.

నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడిని.

"ఏం సారూ, నిద్రవట్టిందా?"

"పాట వింటున్న."

"గట్ల చెవులల్ల కుక్కుకుంటె ఏ పాటైనా మంచిగనే ఉంటది. ఇటు తే."

ఫోను తీసుకుపోయి వంటింటి కిటికీలో పెట్టేది. పాట మొదలుపెట్టి మిక్సీ వేసేది. పాట వినబడకపోతే "కొట్టుకవోయింది" అని చెప్పి చట్నీ చూసుకునేది. ఒక ఏడాది అందరి ఫోన్లలో మోగిన సినిమా ఆల్బం ఒకటి కొబ్బరి సగం నలిగేలోపే పోయింది. సంగీతం అట్ల వినొద్దని వాదించాను.

"మరెట్ల ఇంటరు? పని జేసుకుంటనే గదా ఇంటరు" అన్నది.

మిక్సీలో నిలబడ్డ ఆల్బంను మాత్రం తర్వాత మళ్లీ పెట్టేది. వంటింటి గడప మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా వినేది. అప్పుడు నేను ఏదన్నా అంటే చూసేది. అంతే.

ఈ ఏడు నాలుగు ఆల్బంలు ఎంచింది. ఒకటి కొడిమ్యాల ఆడవాళ్లు పాడిన బతుకమ్మ పాటలు. చుట్టూ తిరిగే ముసలివాళ్లకు ఊపిరి తీసుకోవడానికి సందు ఇచ్చారని ఆమెకు నచ్చింది. రెండోది జగిత్యాల దగ్గరి ఒక చర్చి ఆడవాళ్లది, ఒక్క డోలక్ మీద. మూడోది కోరుట్లతను గల్ఫ్‌లో తన గదిలోనే ఫోన్‌లో పాడుకున్నది. వెనక ఏసీ చప్పుడు ఉంటుంది. "అది తీసెయ్యలే, మంచి పని జేసిండు" అన్నది. నాలుగోది సినిమాది. ఆ నాలుగు పేర్లూ ఈ పేజీ అడుగున ఉన్నాయి, ఈసారి ఆమె పేరు మీద.

ఐదోది తేలలేదు. రుద్రంగి వైపు నాట్లు వేసే ఒకామె పాడిన పాటలు. మూడే పాటలు. నేను వద్దన్నాను.

"మూడు పాటలకు ఆల్బం అంటరా?"

"మూడైతే పాటలు గావా? నీకు పాట కన్న లెక్క ఎక్కువైంది సారూ."

"జాబితాకు ఒక పద్ధతుంటది."

"సరే తియ్, లొల్లి వద్దు. పొద్దుగాల మిక్సీ వెట్టి ఇందాం. తేలిపోతది."

పల్లీలు వేయించి, పొట్టు తీసి, డబ్బాలో పోసి పెట్టుకున్నది. అది ఆమె పోవడానికి ముందు రోజు సాయంత్రం.

దినాలు అయ్యాక సిరిసిల్ల పోయాను. ఆమె తమ్ముడు షెడ్డు ముందు కూర్చుని ఉన్నాడు. లోపల చప్పుడు లేదు.

"అక్క పోయిన కాడికెంచి బంద్ వెట్టిన బావా."

"ఎందుకు?"

"ఏమో. మనసైతలేదు. అక్కుంటే తిడుతుండె."

పక్క గల్లీలో ఎవరి ఫోన్‌లోనో పాట వస్తోంది. మొత్తం వినబడింది. మంచిదో కాదో నాకు తెలియలేదు. నడపమన్నాను. అతను లేచి ఒక సాంచా వేశాడు, తర్వాత ఇంకొకటి. ఆ పాట పోయింది. కొంతసేపు కూర్చుని బస్సెక్కాను.

మొన్న ఈ పత్రిక సంపాదకుడు ఫోన్ చేశాడు. "సార్, ఈసారి లిస్టు ఇడిసిపెడుదామా?" అని మెల్లగా అడిగాడు. నాలుగు ఉన్నాయన్నాను. "నాలుగే ఏద్దామా మరి?" అన్నాడు. ఒక రోజు ఆగమన్నాను.

ఖాళీ జార్ తిప్పితే చప్పుడు వేరుగా ఉంటుంది. తొమ్మిదేళ్లలో నాకు తెలిసింది అదొకటి. ఏదో ఒకటి వేయాలి. పల్లీల డబ్బా అప్పటి నుంచి కదపలేదు. వేరే పల్లీలు కొనుక్కురావచ్చు. ఆమె ఈ పాటలకని పెట్టుకున్నవి ఇవి.

నిన్న పొద్దున అవే పోశాను. ఫోను కిటికీలో పెట్టాను. మిక్సీ వేశాను.

మొదటి పాట వినబడింది. పాడినామె ఊపిరి తీసుకునే చోట్లు కూడా వినబడ్డాయి. మిక్సీ ఎంతసేపు తిప్పాలో నాకు తెలియదు. రెండో పాట సగంలో మిక్సీ వేడెక్కి దానంతటదే ఆగిపోయింది. పాట ఆగలేదు. గడప మీద కూర్చుని మూడోది కూడా విన్నాను.

ఐదో పేరు రాసి పంపించాను. జార్ మూత ఇంకా తీయలేదు.