అప్పగింతల పాటలో మూడో చరణం

ఆ రోజుల్లో నాకు ఒక పాత కంప్యూటరు, దానికన్నా పాత ప్రింటరు, భిలాయి క్యాంప్ 1లో నులకమంచం పట్టేంత డీటీపీ షాపు ఉండేవి. గర్వం మాత్రం షాపులో పట్టేది కాదు. నలభై దాటిన ఈ వయసులో ఆ సంగతులు తలుచుకుంటే నవ్వూ సిగ్గూ కలిసే వస్తాయి, ఏది ముందో చెప్పలేను. మా ఊళ్ళో పుట్టిన తెలుగు ఆడపిల్లలకు తెలుగు మాటలొచ్చు గానీ, బడి చదువు హిందీలో గనక అక్షరాలు రావు. పెళ్ళిలో హారతి పళ్ళెం చేతికిచ్చి పాడమంటే, పెద్దవాళ్ళ వెనక నిలబడి పెదవులు కదిపేవారు. అది చూసి నాకొక ఆలోచన వచ్చింది. తెలుగు పెళ్ళిపాటలు హిందీ అక్షరాల్లో అచ్చేస్తే? అంతవరకూ ఎవరికీ తట్టలేదని నాకు గట్టి నమ్మకం. (తట్టినవాళ్ళకు వేరే పనులుండి ఉంటాయి.)

పాటలన్నీ రెండు వీధులవతల ఉండే బొబ్బిలి మామ్మవి. భిలాయిలో ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో భర్త వెంట ఒక ట్రంకుపెట్టెతో వచ్చింది. పెట్టెలో ఏముండేదో తెలియదు గానీ, తలలో మాత్రం వందకు తక్కువ కాకుండా పాటలుండేవి. చేటలో బియ్యం ఏరుతూ ఆవిడ పాడేది, నేను రాసుకునేవాణ్ణి. ‘ఒక్క మాట మళ్ళీ చెప్పు మామ్మా’ అంటే మళ్ళీ పల్లవి నుంచి రావలసిందే. అలా అప్పగింతల పాట దగ్గర బండి ఆగిపోయింది. మూడో చరణం ఆవిడకి గుర్తు రాలేదు.

“మా అమ్మ పాడీదిరా. నోటి దాకా వస్తంది, బయటికి రాడం లేదు. రెండ్రోజులాగు.”

నేను ఆగలేదు. స్మృతి నగర్‌లో ఒక పెళ్ళివారు గురువారానికల్లా పుస్తకాలు కావాలన్నారు. ఆ చోట చుక్కలు పెట్టి వదిలేస్తే పళ్ళూడిన నోరులా ఉంటుందనిపించింది. సాయంత్రం షాపు ముందు కూర్చుని ప్లాంటు వైపు చూస్తే, కొలిమిలో కరిగిన ఇనుప చిట్టెం పారబోసినట్టున్నారు, ఆకాశం అంతా ఎర్రబడింది. కలం తీశాను:

ఎరుపెక్కు ఆకాశమెదురొచ్చు చోట
అమ్మ గురుతొస్తేను అటు చూడు తల్లీ

మర్నాడు చదివి వినిపిస్తే మామ్మ చేట కింద పెట్టి పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఇదేరా. మా అమ్మ పాడీది ఇదే. నీకెవులు సెప్పినారు?”

“ఎక్కడో దొరికింది మామ్మా,” అన్నాను. ఇది నా మొదటి తప్పు. రెండోది వెనక అట్ట మీద ఉంది. పేరు తెలియని అమ్మమ్మలందరి పాటల కింద ‘రచన’ అని నా పేరు వేసి, ‘సర్వహక్కులు రచయితవి, ఎవరూ కాపీ చేయరాదు’ అని, అది కూడా తెలుగు మాటలే, హిందీ అక్షరాల్లో అచ్చేశాను. మామ్మ పేరు వెయ్యడానికి చోటు సరిపోలేదు. (అట్ట మీద నా ఫోటో ఉంది మరి.)

పుస్తకం బాగానే అమ్ముడుపోయింది. పెళ్ళిళ్ళలో పిల్లలు మూడో చరణం దగ్గర గొంతు పెంచి పాడుతుంటే, ఇది నాదని అరవాలనిపించేది. రెండు నెలలు గడిచాయో లేదో, రిసాలిలో విజిటింగ్ కార్డులు అచ్చేసే బిట్టూ భయ్యా అవే పాటలతో ఒక పుస్తకం దించాడు. రంగుల అట్ట, లావు అక్షరాలు, సగం ధర. అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు. నా పుస్తకం ముందు పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా దించేశాడు. ‘ఎవరూ కాపీ చేయరాదు’ అన్నది కూడా వదల్లేదు. (ఒక పెళ్ళిలో ఆడపిల్లలు దాన్ని కూడా రాగం తీశారంటారు. నేను చూడలేదు.)

మండిపోతూ రిసాలి వెళ్ళాను. బిట్టూ భయ్యా నాకు చాయ్ తెప్పించాడు. “చోరీ ఎలా అవుతుంది భాయ్?” అన్నాడు హిందీలో, తాపీగా. “మీ ఇళ్ళలో ఆడవాళ్ళందరూ పాడుకునేవేగా?”

“మరి కాపీ చెయ్యకూడదన్న వాక్యం కూడా వేశావేం?”

“అచ్ఛా, అదా? చివర్లో ఉంది కదా, మంగళం అనుకున్నా.”

అక్కణ్ణుంచి నేరుగా, పక్కనున్న దుర్గ్ కోర్టులో ప్రాక్టీసు చేసే మా వకీలు బాబాయి దగ్గరికి పోయాను. రెండు పుస్తకాలూ తిరగేసి ఆయన చాలాసేపు నవ్వాడు. “పాతపాటలు ఎవరి సొత్తూ కావురా. నువ్వేసుకోవచ్చు, వాడూ వేసుకోవచ్చు, జనానికి ఏది నచ్చితే అది కొంటారు.”

“ఎండలో తిరిగి పోగేశాను కదా బాబాయ్?”

“పోగేసిన కష్టానికి కాదు హక్కు. సొంతంగా పుట్టించినదానికి. అలాంటిదేమైనా ఉందా ఇందులో?”

కాస్త నసిగి, “రెండు లైన్లు,” అన్నాను.

“చాలు, వాటితో పట్టుకుందాం. కాకపోతే అవి నీవేనని నలుగురిలో ఒప్పుకోవాలి.”

అక్కడొచ్చి పడింది చిక్కు. ఆ రెండు లైన్లు నావంటే మామ్మకి వాళ్ళమ్మను లేకుండా చేసినవాణ్ణవుతాను. కావంటే వాటిని బిట్టూ భయ్యా హాయిగా అచ్చేసుకుంటాడు. మూడు రోజులు మంచివాడిగానే ఉన్నాను. నాలుగోరోజు, స్మృతి నగర్ పెళ్ళివారు రెండో అమ్మాయి పెళ్ళికి పుస్తకాలు రిసాలిలో చెప్పారని తెలిసింది. దాంతో నా మంచితనం అయిపోయింది.

ఆదివారం పొద్దున తెలుగు సంఘం హాల్లో వకీలు బాబాయి బిట్టూ భయ్యాతో సహా అందరినీ కూర్చోబెట్టాడు. ముందు వరసలో మామ్మ. తన పాటలెవడో దొంగిలించాడట, నా తరఫున సాక్ష్యం చెప్పడానికి వచ్చింది. ఆవిడ మొహం చూడకుండా గోడకేసి చెప్పాను. “మూడో చరణం నేనే రాశాను.”

“ఏటన్నావు?” అంది మామ్మ.

“నేనే రాశాను మామ్మా. ఆ ఎర్రటి ఆకాశం మన ప్లాంటుది. బొబ్బిల్లో ఎక్కడుంది?”

“పొద్దు గుంకితే బొబ్బిల్లోనూ ఎర్రగానే ఉంటాదిరా. మా ఊరికి నీలం సూరీడొచ్చీవాడేటి?”

హాలంతా నవ్వింది. “నేడు చరణం నాదన్నాడు, రేపు పెళ్ళికూతురి మెడలో తాళీ నాదేనంటాడు,” అని వెనకనుంచి ఎవరో పిన్ని అందుకుంది. మామ్మ మాత్రం నవ్వలేదు. “మా అమ్మ పాట నీదంటావా? అన్నం పెట్టినానురా నీకు.” బిట్టూ భయ్యా పక్కవాడి చేత అంతా హిందీలో చెప్పించుకుని, లేచి మామ్మ కాళ్ళకు దండం పెట్టాడు. “అమ్మాజీ, గానా ఆప్‌కా, ఛపాయీ మేరీ,” అన్నాడు. పాట మీది, అచ్చు నాది అని. తర్వాతి అచ్చులో అట్ట మీద మామ్మ పేరు పెద్దక్షరాల్లో వేశాడు. అతనికి చోటు దొరికింది. ఆ పుస్తకంలో నేను సొంతంగా రాసిన ముక్క ఒక్కటే, నన్ను దొంగని చేసింది అదే. బాబాయి నా చెవిలో, “సాక్షి బలంగా ఉందిరా, వదిలెయ్,” అన్నాడు.

ఆ తర్వాత మామ్మ వీధి తప్పించి చుట్టుదారిలో షాపుకెళ్ళేవాణ్ణి. వానాకాలం పోయాక ఒకరోజు ఆవిడే వచ్చి స్టూలు మీద కూర్చుంది. “గుర్తొచ్చీసిందిరా,” అని మెల్లగా పాడింది. అందులో ఆకాశమూ లేదు, ఎరుపూ లేదు. వంటింట్లో రోజూ జరిగే ఒక చిన్న సంగతి, అంతే. నేను పది జన్మలెత్తినా అలా రాయలేను.

“నీది నువ్వే రాసినావు. అందర్లో నిన్ను దొంగని సేసీసినాను.”

“తప్పు నాది మామ్మా. రెండ్రోజులాగి ఉంటే పోయేది,” అంటూ అలవాటుగా కాగితం లాక్కున్నాను. ఆవిడ దాని మీద చెయ్యి పెట్టింది.

“రాయకు. నీది అందరూ పాడతన్నారు, పాడనీ. మా అమ్మది నా కాడుండనీ.”

“మరి నాకెందుకు పాడావు?”

“ఎంత తప్పుగా పూరించినావో తెలవాలి గదా,” అని మొదటిసారి నవ్వింది.

మామ్మ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు పిల్లలు ఫోన్లో వెతుక్కుంటే నా రెండు లైన్లూ ‘సంప్రదాయ గీతం, రచయిత తెలియదు’ అన్న మాట కింద వస్తాయి. చూసి ఊరుకుంటాను. మొన్న బిట్టూ భయ్యా ఫోన్ చేసి, పుస్తకం మళ్ళీ వేస్తున్నాను, కొత్తగా పాటలేమైనా ఉన్నాయా అని అడిగాడు. లేవన్నాను. క్యాంప్ 1 షాపులో కూర్చునే ఆ పాతికేళ్ళవాడైతే మామ్మ చరణాన్ని ఆ పూటే అచ్చేసి, కింద తన పేరు పెట్టుకునేవాడు. వాడి మీద నాకిప్పుడు కోపం లేదు, ఎదురైతే చాయ్ కూడా ఇప్పిస్తాను. ఆ చరణం మాత్రం వాడికి వినిపించను.