హోమ్ ప్లేట్ దగ్గర మా బావమరిది

పోయిన వారం మా బావమరిది పంపిన అట్టపెట్టె ఒకటి వచ్చింది. వాడు కమ్మింగ్ ఊళ్ళో పెద్ద ఇల్లు అమ్మేసి చిన్న ఇంట్లోకి మారుతున్నాడట, పుస్తకాలకు చోటు లేదట, పారేయడానికి మనసొప్పక ఆ బరువంతా ఇర్వింగ్‌లో ఉన్న నా నెత్తిన పెట్టాడు. విప్పితే పైనే మూడు బేస్‌బాల్ పుస్తకాలు కనిపించాయి. ఒకటి పాత స్టేడియాల గురించి, ఒకటి రేడియోలో కామెంటరీ చెప్పేవాళ్ళ గురించి, మూడోది అంపైరింగ్ ఎలా చేయాలో చెప్పేది. అరవై ఎనిమిదేళ్ళవాణ్ణి, పొద్దున్నే బీపీ మాత్ర వేసుకునేవాణ్ణి, ఆ అట్టలు చూడగానే పాతికేళ్ళ కిందటి కడుపుమంట మళ్ళీ రాజుకుంది.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మనం ఈ దేశం వచ్చిన కొత్తలో బేస్‌బాల్ అంటే మనకెంత చిన్నచూపో, ఆఫీసువాళ్ళు టికెట్లిచ్చి తీసుకెళ్తే మొక్కజొన్న పేలాలు తిని, ఎప్పుడవుతుందా అని గడియారం చూసుకుని, ఇంటికొచ్చి క్రికెట్ గొప్పతనం గురించి గంటసేపు మాట్లాడుకున్నవాళ్ళమే అందరమూ. మా ఆవిడ తమ్ముడు మాత్రం అలాంటివాడు కాదు. హెచ్-వన్ ఉద్యోగ వీసా మీద వచ్చి, ఆరు నెలలు మా సోఫా మీద పడుకుని, తర్వాత మా అపార్ట్‌మెంట్లలోనే ఎదురు బిల్డింగ్‌లోకి మారినవాడు, లైబ్రరీవాళ్ళు వదిలించుకునే పాత పుస్తకాల్లోంచి ఈ మూడూ ఏరి తెచ్చుకుని, పరీక్షకు చదివినట్టు చదివి, చివరికి శనివారాలు పిల్లల మ్యాచ్‌లకు అంపైరుగా నిలబడేదాకా వెళ్ళాడు. వీసా మీద ఉన్నవాడు బయట డబ్బు తీసుకోకూడదు కనుక అదంతా ఉచిత సేవే.

అంతవరకూ నాకేమీ బాధ లేదు, బాధ మా అమ్మాయి దగ్గర మొదలైంది. దానికప్పుడు పన్నెండేళ్ళు, బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ నేలమీద పడేసి మావయ్య ఇంటికి పరుగు. వాళ్ళ బాల్కనీలో చిన్న టీవీ పెట్టుకుని, దాని గొంతు పూర్తిగా తగ్గించేసి, ఆ రేడియో పుస్తకంలో చెప్పినట్టు ఇద్దరూ వంతులవారీగా కామెంటరీ చెప్పేవాళ్ళు, మైకు బదులు మా ఇంటి సాంబారు గరిటె. నేను ఆఫీసు నుంచి వచ్చి కారు దిగేసరికి ఆ నవ్వులు పార్కింగ్ దాకా వినిపించేవి. ఒకరోజు నేనూ వెళ్ళి కూర్చుని, ఇందాక ఆ బంతిని వాళ్ళు ఎందుకు వదిలేశారని అడిగితే, అది వాడి వైపు చూసి, నాన్నకి ఇవన్నీ తెలీవులే మావయ్యా, అంది. తప్పుగా ఏమీ అనలేదు, ముద్దుగానే అంది, కానీ ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఆ ఎండాకాలం స్టేడియాల పుస్తకంలో ఉన్న ఒకదాన్ని చూడాలని ఇద్దరూ పట్టుబడితే నాలుగు గంటలు నేనే డ్రైవ్ చేశాను. పక్కసీట్లో మా ఆవిడ నిద్ర, వెనకసీట్లో వాళ్ళిద్దరి కబుర్లు, మధ్యలో నేను అద్దెకు మాట్లాడుకున్న డ్రైవరులాగా.

మేనమామ మీద కళ్ళల్లో నిప్పులు పోసుకునే తండ్రి ఉంటాడా అంటే, ఉంటాడు, నేనే. లైబ్రరీకి వెళ్ళి వాడి దగ్గరున్న అంపైరింగ్ పుస్తకమే ఇంకో కాపీ తెచ్చుకుని, లంచ్ టైములో ఆఫీసు పార్కింగ్‌లో కారులో కూర్చుని, ఎవరూ చూడకుండా కంఠస్థం చేశాను. ఎప్పటికైనా దాని ముందు వాణ్ణి ఒక్క రూలు అడిగి నీళ్ళు నమిలించాలని నా కోరిక.

ఆ రోజు రానే వచ్చింది. మా అమ్మాయి ఆడే సాఫ్ట్‌బాల్, ఆడపిల్లల బేస్‌బాల్ అనుకోండి, ఆ మ్యాచ్‌కి అంపైర్ రాకపోతే వాణ్ణి నిలబెట్టారు. ఆఖరి పరుగు కోసం ఇది, పరుగు పూర్తయ్యే చోటైన హోమ్ ప్లేట్ మీదికి జారుకుంటూ వచ్చింది, అవతలి పిల్ల బంతి ఉన్న గ్లవ్‌తో దీన్ని తాకింది, వాడు చెయ్యెత్తి అవుట్ అన్నాడు. నేనున్న కంచె వైపు నుంచి చూస్తే ఆ తాకుడికి బంతి గ్లవ్‌లోంచి జారి మళ్ళీ లోపలికి పోవడం స్పష్టంగా కనిపించింది. జారితే అవుట్ కాదు, బంతి చేతిలో నిలిచిందో లేదో చూశాకే చెయ్యెత్తమని పుస్తకంలో ఉందిగా. ఇక ఆగలేదు. క్రికెట్‌లో అప్పీలు చేసే అలవాటు ఎక్కడికి పోతుంది, కంచె గేటు తోసుకుని, రెండు చేతులూ పైకెత్తి అరుస్తూ గ్రౌండ్‌లోకే వెళ్ళిపోయాను. పేజీ నంబరు కూడా చెప్పాను. తల్లిదండ్రులు గీత దాటి లోపలికి రావడం ఇక్కడ ఎంత తప్పో నాకప్పుడు గుర్తు లేదు. వాడు ముఖానికున్న తొడుగు తీసి, ఎవరికీ అర్థం కాకుండా తెలుగులో, ఎంతో మర్యాదగా చెప్పాడు.

"బావగారూ, మీరు పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళాలి. లేకపోతే మన పిల్ల టీమ్ మొత్తం ఓడినట్టు రాసేయాల్సి వస్తుంది. ప్లీజ్, నడవండి."

కారులో కూర్చుని నిశ్చయించుకున్నాను, ఇక అమ్మాయిని వాడి గడప తొక్కనివ్వనని. అంతలో అమ్మాయి వచ్చి, మోకాళ్ళ నిండా మట్టితో ముందుసీట్లో కూర్చుని, నా వైపు చూడకుండా, "నేను అవుటే నాన్నా. మావయ్య కరెక్ట్‌గానే చూశాడు," అంది. అమ్మాయే అలా చెప్పాక ఇంకేం మిగిలింది? సిగ్గుతో చచ్చి, ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు సాయంత్రం గరిటె యథాప్రకారం ఎదురు బిల్డింగ్‌కి వెళ్ళింది.

ఇప్పుడు ఆ అంపైరింగ్ పుస్తకం తెరిస్తే, నేను పేజీ చెప్పానే, సరిగ్గా అక్కడ మడిచిన స్కోరు కాగితం ఉంది. ఆడిన మ్యాచ్‌ని ఇంటికెళ్ళి కాగితం మీద రాసుకోవడం వాడే దానికి నేర్పాడు. పరుగు పూర్తయితే చిన్న డైమండ్ గడిని పెన్సిల్‌తో నింపాలి, అవుటైతే ఖాళీగా వదలాలి. వాడు అవుటన్న ఆ ఆఖరి గడి మాత్రం నిండుగా ఉంది. పక్కన వాడి చేతిరాత: బంతి జారింది, నేను చూడలేదు, తప్పు నాదే తల్లీ. దానికింద ఇంగ్లీషు అక్షరాల్లో మా అమ్మాయి తెలుగు: నాన్నకి చెప్పొద్దు మావయ్యా, చెప్తే నన్ను నీ దగ్గరికి పంపడు.

ఆదివారం హెర్న్‌డన్ నుంచి అమ్మాయి ఫోన్ చేసి, మావయ్య బాక్స్ వచ్చిందా నాన్నా అని అడిగితే, వచ్చిందమ్మా, అంతే అన్నాను. దానికిప్పుడు ఆటలు చూసే తీరికే లేదు, వాడికి చూపు మందగించింది, ఆ మూడు పుస్తకాల్లో ఉన్నదంతా నోటికి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ఈ రోజుల్లో పెద్ద మ్యాచ్‌ల్లో అనుమానం వస్తే పెద్ద తెర మీద ఆ బంతినే నాలుగు వైపుల నుంచి తిప్పి చూపించి నిమిషాల్లో తేల్చేస్తున్నారు, అప్పుడు మాకూ అదే ఉంటే పన్నెండేళ్ళ పిల్లకి తన పరుగు తనే వదులుకుని అబద్ధమాడాల్సిన అవసరం వచ్చేది కాదు. అప్పుడు నేను అన్నదే నిజమని తేలడానికి నాకు పాతికేళ్ళు పట్టింది. తేలినందుకు సంతోషించాలి కదా, కానీ ఆ కాగితం మీద రెండే చేతిరాతలున్నాయి, అందులో నాది లేదు, అదే చూసుకుంటూ ఇప్పటికీ కుళ్ళుకుంటున్నాను.