ఉన్నదున్నట్టు సదువు బిడ్డా

మా పాత ఇంటి ఓనరమ్మ పోయింది. సోమవారం పొద్దున ఎల్బీనగర్ మెట్రో మెట్లెక్కుతుంటే వాళ్ళ అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, మమ్మీ పోయింది. దవాఖానల్నే. పన్నెండింటికి ఇంటికాడ్నించి తీస్తమంటున్నరు." కోచింగ్ సెంటర్‌కి రాలేనని మెసేజ్ పెట్టి, వెనక్కి దిగి కొత్తపేటకు ఆటో ఎక్కాను. దారిలో ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆవిడ గురించి అబద్ధాలు చెప్పి సాగనంపుతారేమోనని, అవి విని నేనూ తలాడిస్తానేమోనని. తలాడించడం నాకు బాగా వచ్చు. ఆ అలవాటు మాన్పించింది ఆవిడే.

ఆవిడది నల్గొండ వైపు పల్లె. కింద వాళ్ళుండేవాళ్ళు, పైన నేనూ మా ఆయనా కిరాయికి. నాకు పొద్దున కోచింగ్ సెంటర్లో క్లాసులు చెప్పే పని, మధ్యాహ్నాలు ఖాళీ. ఒక ఎండాకాలం ఆవిడ మనవరాలు వచ్చి టీవీలో కొరియా సినిమాలు అలవాటు చేసి పోయింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. కింద పడే అక్షరాలు చదివి తెలుగులో చెప్పే మనిషి కావాలి. ఇంకేముంది, రోజూ మెట్ల కింద నుంచి కేక: "ఓ గుంటూరు పిల్లా! జర జల్ది రా, మొగడు దొరికేటట్టున్నడు!"

ప్రేమ సినిమాలు పెడితే ఒప్పుకునేది కాదు. "చేతులు పట్టుకొని తిరుగుడేనా? పెండ్లయినంక సంగతి పెట్టు" అనేది. మొగుడు ఇంకొకామెతో తిరిగేవి, పెళ్ళాం లోపల్లోపల కుతకుతలాడేవి, చివరికి నెత్తురు కళ్ళజూసేవి కావాలి. ఆ సినిమాల్లో తినే బల్ల దగ్గరే మొదలవుతుంది అంతా. ఆమె సూప్ పెడుతుంది, అతను తలెత్తకుండా తింటుంటాడు, ఆమె నెమ్మదిగా ఒక్క పేరు అడుగుతుంది. అంతే, గిన్నె గోడకు తగిలి ఎర్రటి పులుసు కారుతుంటుంది. ఒక సినిమాలో భార్య కారు తీసి, మొగుడూ ఆ రెండో ఆమే కూర్చున్న కారును గుద్దింది. మా ఓనరమ్మ కత్తిపీట మీంచి లేచి, బెండకాయలు నలుదిక్కులా పడుతుంటే అరిచింది. "గుద్దు! రివర్స్ చేసి ఇంకోపారి గుద్దు!"

ఆ తర్వాత కూర్చుని, కాయలు ఏరుకుంటూ అంది: "ఎంత పెద్ద దేశమైనా చెంప మీద కొట్టిన చప్పుడు మన కొత్తపేట లెక్కనే ఉన్నది బిడ్డా."

నాకు తెలియనిదా ఆ చప్పుడు. మా ఆయనకు ఆఫీసులో ఒకామెతో నడుస్తోంది. అడిగితే కొట్టేవాడు, అడగకపోతే ఎందుకలా చూస్తున్నావని కొట్టేవాడు. ఆ వీధుల్లో ఓనర్ల పద్ధతి కిరాయికున్న వాళ్ళందరికీ తెలుసు. మొగుడూ పెళ్ళాల లొల్లి బయటికి వినబడిందా, 'ఫ్యామిలీలుండే ఇల్లు' అంటూ ఇద్దర్నీ ఖాళీ చేయిస్తారు. అందుకే నేను చున్నీ నోట్లో కుక్కుకుని తన్నులు తినేదాన్ని. నా బతుక్కి అంత పరువు!

ఒక మధ్యాహ్నం సినిమాలో మొగుడు భార్యను కార్ల పార్కింగులో గొంతు పట్టి స్తంభానికేసి కొట్టాడు. ఏదో అన్నాడు. ఓనరమ్మ నావైపు చూసింది.

"సారీ చెబుతున్నాడు ఆంటీ. పని టెన్షన్లో చెయ్యి జారిందంట."

ఆవిడ రిమోట్ నొక్కి ఆపింది. "గా మొకం సారీ చెప్పే మొకమా?"

"అదే రాసుంది ఆంటీ."

"ఎనకకు తిప్పుత. ఉన్నదున్నట్టు సదువు బిడ్డా."

రెండోసారీ సారీ అనే చదివాను. మూడోసారి తిప్పింది. అప్పుడు చదివాను: "ఎవరికైనా చెప్పావంటే చంపేస్తా. నువ్వు చస్తే అడిగేవాళ్ళు కూడా లేరు." ముందు రోజు రాత్రి ఇంచుమించు అదే మాట మా ఆయన నోట తెలుగులో విన్నాను మరి.

"ఎన్ని సినిమాలల్ల గిట్ల మార్చి చెప్పినవ్?"

"చాలా వాటిలో."

"ఓయమ్మ! నేను గా ముండకొడుకులను మంచోళ్ళనుకుంటున్నగదనే!" అంటూనే నా చున్నీ లాగింది. మెడ మీద నాలుగు వేళ్ళ వాతలు. నాకు మజ్జిగ ఇచ్చి, తాగేదాకా పక్కనే కూర్చుంది.

ఆ ఆదివారం పట్టపగలు మా ఆయన నన్ను వంటింట్లో కడుపులో తన్నాడు. గట్టుకు తల తగిలి కనుబొమ్మ చీలింది. ఈసారి చున్నీ వెతుక్కోలేదు. గొంతు చించుకుని అరిచాను. కింద జొన్నరొట్టెలు కాలుస్తున్న మనిషి, కాలుతున్న ఇనప పెనం గుడ్డతో పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఆ పెనం అతని చేతి మీద దించింది. చొక్కా మాడిన వాసన, చర్మం మాడిన వాసన.

"మధ్యలో మీరెవరండీ?" అని కేకేశాడు.

"ఓనర్‌ను. ఇల్లు ఖాళీ చెయ్."

"సరే, ఇద్దరం ఇప్పుడే పోతాం."

"నోటీసు నీ ఒక్కనికే. ఆమె నా కిరాయిదారు."

అతను సంచీ సర్దుకుని పోయాడు. మాడిన చెయ్యి ఊదుకుంటుంటే చూసి నాకు సంతోషమేసింది. ఎందుకు దాచాలి, పండగలా ఉండింది.

కుట్లు మానాక ఒకరోజు ఆవిడ సంగతి అడిగాను. ఆవిడ భర్తకు చంపాపేట్‌లో ఇంకో ఇల్లు, ఇంకో మనిషి. దాపరికం లేదు. రోజు విడిచి రోజు వచ్చి తిని పోయేవాడు. పైట జారినప్పుడు ఆవిడ మెడ ఎముక మీద బుడిపె కనబడేది. ఎడమ చెవి తమ్మె చివరిదాకా చీలి ఉండేది. దుద్దు పట్టి గుంజాడని తనే చెప్పింది.

"మరి మీరెందుకు ఉండిపోయారు ఆంటీ?"

"తలుపు తీసే ఉండె బిడ్డా. వాకిట్ల మంది నిలవడి ఇన్నరు. ఒక్కరు లోపటికి రాలె."

సోమవారం నేను వెళ్ళేసరికి వాకిట్లో మళ్ళీ మంది. "పునిస్త్రీ పోయింది, ఎంత అదృష్టం!" అంటున్నారు ఆడవాళ్ళు. నీళ్ళు పోయడానికి నన్నూ పిలిచారు. స్నానం అయ్యాక పసుపు రాస్తుంటే ఆవిడ ఆడబిడ్డ నా చెవిలో అంది: "చెవి తాన జర దట్టంగ రుద్దు, కనవడొద్దు." నా చెయ్యి పసుపు ముద్దతో చెవి దాకా పోయింది కూడా. ఛీ, అలవాటు! చెయ్యి వెనక్కి లాక్కున్నాను. చెవి అలాగే వదిలేశాను.

భర్త వచ్చాడు. ఇస్త్రీ తెల్ల చొక్కా. వెక్కుతున్నాడు. "ఆఖరి బొట్టు పెట్టన్నా" అన్నారెవరో. కుంకుమలో వేలు ముంచి వంగాడు. నేను మణికట్టు పట్టుకున్నాను.

"ఈ చెవి ఎవరు తెంపారో చెప్పి పెట్టండి."

"ఎవలీమె?" అని వెనక నుంచి గొణుగుడు. నేను మణికట్టు వదల్లేదు. ఎవరైనా నన్ను బయటికి గెంటుతారనుకున్నాను. తల దగ్గర కూర్చున్న కూతురు లేచింది.

"చెప్పు డాడీ" అంది.

ఆయన ఇంకా గట్టిగా వెక్కాడు. ఆమె ఆయన చేతిలోంచి కుంకుమ భరిణె తీసుకుని, తల్లి నుదుట తనే పెట్టింది. ఒక్క ఆడది కూడా వద్దనలేదు.

పాడె లేచింది. నిప్పు కుండ పట్టుకుని ఆయన ముందు నడిచాడు. వేలికున్న కుంకుమ ఎక్కడ తుడుచుకోవాలో తెలియక చొక్కాకే తుడుచుకున్నట్టున్నాడు. రైతు బజార్ దగ్గర కూరగాయలమ్మే ఆడవాళ్ళు త్రాసులు వదిలి లేచి నిలబడ్డారు. దండం పెట్టబోయి, ఆయన గుండె మీది ఎర్రటి మరక చూస్తూ ఉండిపోయారు.